తొంభైమూడు మార్కుల సీసా

హనుమకొండ కిషన్‌పురలో ఉండే వెంకట్రాజం సారు చేతిలో ఇంతవరకూ ఒక్క విస్కీ కూడా పాసు కాలేదు.

ఆయన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినన్నాళ్ళూ పిల్లల్ని ఫెయిలు చేశాడు. రిటైరయ్యాక ఫెయిలు చెయ్యడానికి పిల్లలు దొరకలేదు. జేబులో ఎర్రపెన్ను పని లేక గిలగిలలాడింది. సరిగ్గా అప్పుడే, వీడ్కోలు సభలో ఎవరో కాగితం చుట్టి ఇచ్చిన విస్కీ సీసా ఆయన కంటబడింది. ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. లేబుల్ మీద ఇరవయ్యెనిమిది అని వేసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. ఆ విధంగా వరంగల్‌లో, ఎవరూ అడగకుండానే, ఒక కొత్త పరీక్షల బోర్డు వెలిసింది.

పరీక్ష ప్రతి శనివారం సాయంత్రం సారు డాబా మీద. అభ్యర్థుల్ని, అంటే సీసాల్ని, తేవలసింది మధు. మధుకి నయీంనగర్‌లో మందుల షాపు ఉంది. దవాఖాన మందులే, అపార్థం చేసుకోవద్దు. ఒకప్పుడు సారు దగ్గరే ఇంటర్ చదివాడు. చదివాడంటే సారు ఒప్పుకోడు. 'వచ్చి కూసునేటోడు' అంటాడు. అయినా ఆ శిష్యుడు కష్టపడి సంపాదించిన డబ్బుతో మంచి మంచి విస్కీలు తెచ్చి, తనలాగే వాటినీ ఫెయిలు చేయించుకుని వెళ్తుండేవాడు. దీన్ని గురుభక్తి అనాలో మరేమనాలో అతనికీ తెలియదు.

పద్ధతి ప్రకారం మధు నీళ్ళ ట్యాంకు చాటుకి వెళ్ళి, సారుకి సీసా కనబడకుండా గ్లాసుల్లో పోసి తేవాలి. గ్లాసు గ్లాసుకీ హాల్‌టికెట్ నంబరు. ఎవరూ కాపీ కొట్టకుండా చూడ్డానికి ఇన్విజిలేటరు జుబేర్ భాయ్. చౌరస్తాలో ఆయనకు కళ్ళద్దాల దుకాణం. జుబేర్ భాయ్ తాగడు. సీసా ముట్టడు, గ్లాసు ముట్టడు. సర్వపిండి ఒక్కటే ముట్టుకుంటాడు, అది అయిపోయేదాకా ముట్టుకుంటూనే ఉంటాడు. ఆ సర్వపిండి కాజీపేట నుంచి తెచ్చేది యాకయ్య. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా డోర్నకల్ చుట్టుపక్కల పట్టాలన్నీ నడిచి నడిచి రిటైరైన మనిషి. సారు ఏ మార్కు వేసినా 'అంతే గద మరి' అనడం అతని పని.

"సార్, ఇదెట్లున్నది?" అని మధు అడిగేవాడు.

"కిక్కు వచ్చింది."

"అయితే మంచిదే గద సార్."

"జవాబొచ్చింది. స్టెప్పులేవి? నోట్ల పోసుకుంటనే నెత్తికెక్కింది. నడుమ ఏం జరిగిందో చూపియ్యలె. కాపీ కొట్టిన జవాబు ఇది. ముప్పయ్యొకటి."

"అంతే గద మరి," అనేవాడు యాకయ్య.

"సార్, ఇది పన్నెండేండ్లు పీపల ఉన్నదట."

"ఒకటే క్లాసుల పన్నెండేండ్లు కూసున్నోన్ని తెలివిగల్లోడంటరా? ఇరవయ్యారు."

"ఇది నాలుగైదు రకాలు కలిపి చేసిందట సార్."

"నలుగురు కూసోని ఒక్క పేపరు రాసిన్రు. నలుగుర్నీ డిబార్ చెయ్యాలె."

ఒకసారి మధు హైదరాబాద్ పోయి పొగ వాసన వచ్చే ఖరీదైన విస్కీ పట్టుకొచ్చాడు. ప్రపంచమంతా దానికి దండం పెడుతుందని ఫోన్లో చదివి వినిపించాడు. సారు వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "మాడిన పాలు," అని పంతొమ్మిది వేశాడు. మధు ఆ రాత్రి షాపులోంచి తనకే ఒక గ్యాస్ మాత్ర తీసుకున్నాడు.

ఇందులో అసలు బాధ మార్కులు కాదు. ఫలితాలు వెలువడేదాకా ఎవరూ గ్లాసు ఎత్తకూడదు. సారు వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, ఆకాశం చూసి, మళ్ళీ వాసన చూసి, మార్కు వేసే సరికి ఐసు నీళ్ళయ్యేది, ఆ నీళ్ళు వెచ్చబడేవి, సర్వపిండి జుబేర్ భాయ్ కడుపులోకి చేరేది.

ఇంట్లో కూడా ఇదే పాలన. పెళ్ళయినప్పటి నుంచీ ప్రేమలత మేడం వండిన పప్పు ముప్పైమూడు దగ్గరే ఆగిపోయింది. ఆమె ఏనాడూ రీవాల్యుయేషన్ అడగలేదు. ఒక్కసారి మాత్రం మధుతో అంది, "ఈ ఇంట్ల వంద దాటింది నా బీపీ ఒక్కటే."

బయటైతే ఇంకా అందం. చౌరస్తా దగ్గర ఒక బార్‌కి ఆయన్ని తీసుకెళ్ళి మధు బుద్ధి తెచ్చుకున్నాడు. ఏం తేవాలి సార్ అని వెయిటరు అడిగితే, "అన్నీ తే, హాజరు తీసుకుంట," అన్నాడు సారు. తీసుకున్నాడు కూడా. వెయిటరు తెచ్చిన ప్రతి సీసా మీదా ఎర్ర సున్నాలు చుట్టాడు. వాటిని మళ్ళీ అరలో పెట్టారు. మర్నాడు వచ్చిన గిరాకీలు అర వైపు చూసి, ఇరవై నాలుగు మార్కులది మాకెందుకు, ముప్పై దాటింది ఉంటే పొయ్యండి అన్నారట. మేనేజరు వెతుక్కుంటూ మధు షాపుకి వచ్చాడు.

"అన్నా, మీ సారు ఇంకోసారొస్తే పైసల్ తీసుకోం. పెన్ను మాత్రం గేటు కాడ ఇచ్చి రమ్మను."

ఇలాంటి మనిషి ముందు యాకయ్య ఒక సీసా గురించి ఐదేళ్ళుగా గొప్పలు చెబుతూ వచ్చాడు. యాకయ్యకు ఒక్కతే కూతురు, సుకన్య. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరింది. తండ్రి సుత్తి పట్టుకుని నడిచిన పట్టాల మీదే కూతురు ఇంజన్‌లో కూర్చుని పోయింది. మొదటి జీతంతో తండ్రికి స్కాట్లండ్ విస్కీ కొనిచ్చింది. గ్లెన్ అని మొదలయ్యే పేరేదో ఉంది దానికి.

"అక్కడియన్నీ గ్లెన్ అనే మొదలైతయి. మొత్తం ఒక్కింటి దాయాదులే," అని సారు చప్పరించాడు. అయినా యాకయ్య దాన్ని తెరవలేదు. అట్టడబ్బాలోంచి బయటికి కూడా తియ్యలేదు. అల్మారా పైఅరలో, దేవుడి పటాల పక్కన పెట్టాడు.

"కొన్ననాడు పన్నెండేండ్లది సారు. మా ఇంట్ల ఇంకో ఐదేండ్లు ఆయె. ఇప్పుడు పదిహేడేండ్లది."

"సీసల పడ్డంక సదువు బందైతది యాకయ్యా. అది ఇంకా పన్నెండే."

"అంతే గద మరి," అన్నాడు యాకయ్య. కానీ ఆ ఒక్క విషయంలో అతను నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసిపోయేది.

ఈ ఏడాది సుకన్యకు ప్రమోషన్ వచ్చింది. గూడ్సు బండికి ఇప్పుడు తనే లోకో పైలట్. ఒక ఆదివారం మధ్యాహ్నం కాజీపేటలో యాకయ్య ఇంటి ముందు షామియానా లేచింది. రైల్వేవాళ్ళు, చుట్టాలు, జుబేర్ భాయ్ కోసం ఆయన చెప్పిన దుకాణం నుంచే తెచ్చిన చికెన్. భోజనాలకు ముందు సీసా తెరుస్తారనీ, సారు మార్కు వేస్తారనీ యాకయ్య నాలుగు రోజుల ముందే అందరికీ చాటాడు. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకు ఎర్రపెన్ను తగిలించుకుని, ప్రశ్నపత్రాలు తెచ్చే జీపులోంచి దిగినంత గంభీరంగా ఆటో దిగాడు.

పాలంపేట నుంచి యాకయ్య అన్న కట్టయ్య కూడా వచ్చాడు. అతనికి అక్కడ రెండెకరాల వరి, ఎంత పంచినా తరగని సలహాలు ఉన్నాయి. పిల్ల రైల్వే పరీక్ష రాసినప్పుడు వద్దన్నవాడు, ఉద్యోగం వచ్చినప్పుడు నిలవదన్నవాడు, ఇప్పుడు ప్రమోషన్ భోజనానికి అందరికన్నా ముందు వచ్చాడు. అట్టడబ్బాను చేతిలో తిప్పి చూసి నవ్వాడు.

"గిసుంటియన్ని డూప్లికేటే తమ్మీ. ఆడపిల్లను జూసి ఎవడో రంగునీళ్ళు అంటగట్టుంటడు. రైలు నడుపుడు వచ్చుగని సీస కొనుడు వచ్చునా దానికి?"

రైల్వేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. సుకన్య ముఖం చిన్నబోయింది. యాకయ్య మాత్రం కొంచెం కూడా చలించలేదు.

"సారున్నడు గదనే. సారుకు మొఖమాటం లేదు. డూప్లికేటైతే డూప్లికేటే అంటడు. ఆయన మాటే ఫైనల్."

సారు గొంతు సవరించుకున్నాడు. యాకయ్య డబ్బాలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే కూర్చున్న జుబేర్ భాయ్ వంగి దాని మూత దగ్గర చూశాడు. తర్వాత ఎందుకో కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. మధు అది చూశాడు కానీ పట్టించుకోలేదు. అతని చూపంతా సీసా మీదే ఉంది. ఐదేళ్ళుగా ఆ ఒక్క గుక్క కోసం ఎదురుచూస్తున్న మనిషి.

సారు గ్లాసులో పోసుకున్నాడు. రంగు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూశాడు. మామూలుగా ఆ కళ్ళు తెరుచుకోవడానికి ఒక ప్యాసింజర్ బండి వచ్చి పోయేంత సేపు పడుతుంది. ఈసారి వెంటనే తెరుచుకున్నాయి. ఒక గుక్క తాగాడు. గ్లాసు దించాడు. తలెత్తి చూశాడు. కట్టయ్య అప్పటికే పెదాలు విరిచి సిద్ధంగా ఉన్నాడు. సుకన్య కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది. యాకయ్య చేతులు కట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో యాకయ్య భార్య మొగిలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని సారునే చూస్తోంది. సారు ఆమె వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు. ఇంకో గుక్క తాగాడు.

"ఎంత సారు?" అన్నాడు యాకయ్య.

సారు పెన్ను తీశాడు. లేబుల్ మీద నెమ్మదిగా రాశాడు. సున్నా చుట్టాడు.

"తొంభైమూడు."

మధుకి తన చెవుల మీదే అనుమానం వచ్చింది. 'అంతే గద మరి' అనవలసిన యాకయ్య ఆ మాటే మర్చిపోయాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు. సుకన్య పెదనాన్న వైపు చూసింది. ఆ చూపులో గూడ్సు బండి బరువుంది.

కట్టయ్య తేరుకుని గ్లాసు ముందుకు చాపాడు. "అట్లయితే మాక్గూడ తలా ఇంత పోస్తే..."

"ఆగు," అన్నాడు సారు, సీసాను గుండెలకు హత్తుకుని. "నువ్వు పిల్లకేమైతవు?"

"పెదనాయిన్ని."

"రక్తసంబంధీకులు పేపరు ముట్టొద్దు. బోర్డు రూలు. యాకయ్యా, నువ్వు కన్నతండ్రివి, నువ్వు అసలే ముట్టొద్దు."

"అంతే గద మరి," అన్నాడు యాకయ్య మురిసిపోతూ.

"మేం చుట్టాలం గాదు సార్, రైల్వే," అన్నారు రైల్వేవాళ్ళు.

"ఒక్క డిపార్ట్‌మెంటోళ్ళు ఇంకా పనికిరారు."

"నేను గాదు సార్," అన్నాడు మధు ఆశగా.

"నువ్వు నా దగ్గర ఫెయిలైన క్యాండిడేటువు. నీ నాలికకు అర్హత లేదు. కూసో."

మధు కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంత అవమానానికి, ఎక్కువ ఆ విస్కీకి. ఆ తర్వాత జరిగింది చూస్తే కడుపు మండిపోయింది. ఎవరైనా సీసా వైపు చెయ్యి చాపితే చాలు, సారు రీవాల్యుయేషన్ అని ఒక గ్లాసు నింపుకున్నాడు. ఇంకొకరు అడిగితే రీకౌంటింగ్ అని మరొకటి. చికెన్ తింటూ ఒకటి, బగారన్నంతో ఒకటి. నీళ్ళు లేవు, సోడా లేదు. జీవితమంతా ఒక పెగ్గు దాటని మనిషి, పక్కవాళ్ళ నోట్లో చుక్క పడకుండా నిండు సీసా ఒక్కడే ఖాళీ చేశాడు. చివరికి సీసాలో నీళ్ళు పోసి కడిగి ఆ నీళ్ళు కూడా తాగాడు.

అంతా అయ్యాక లేచి నిలబడి ఊగాడు. అటొక అడుగు, ఇటొక అడుగు వేశాడు. మూడో ఎక్కం సగం చెప్పి మర్చిపోయాడు. షామియానా గుంజను పట్టుకుని, "నువ్వు సమాంతరంగ లేవు," అని తిట్టాడు. అందరూ నవ్వారు. మధు ఒక పక్క, జుబేర్ భాయ్ ఒక పక్క పట్టుకుని నడిపించుకుంటూ వీధిలోకి తెచ్చారు.

మలుపు తిరగగానే సారు ఇద్దరి చేతులూ విదిలించుకుని చకచకా నడవసాగాడు.

"సార్, మీరు సక్కగ నడుస్తాన్రు," అన్నాడు మధు.

"మరెట్ల నడువాలె? తాగింది ఛాయ్."

మధు రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

"పాలు పొయ్యని ఛాయ్. బెల్లమేసి మరిగిచ్చింది. సల్లగున్నది," అన్నాడు సారు. "పొద్దుగాల్నే పోసినట్టున్నరు."

"సీలు కాయితం అన్నం మెతుకుతోని అంటిచ్చి ఉండె," అన్నాడు జుబేర్ భాయ్. "నేను చూసిన."

"చూస్తే చెప్పాలె గద భాయ్?"

"నా అద్దాలు జేబుల ఉండె. అద్దాలు లేంది నాకేం కనబడదు."

మధు పరుగున వెళ్ళి సారుని అందుకున్నాడు. "సార్, మీ సర్వీసుల ఒక్కనికి ఉత్తగ అర మార్కెయ్యలే. ఛాయ్‌కి తొంభైమూడా?"

"నేను విస్కీ అన్ననా? ఆ మాట నా నోటెంబడి వచ్చిందా? సీసల ఉన్నదానికి మార్కేసిన. ఛాయ్ మంచిగున్నది." నాలుగడుగులు వేసి మెల్లగా అన్నాడు, "ఛాయ్ అన్ననుకో, ఆ కట్టయ్య సచ్చేదాంక పిల్లను రంగునీళ్ళ లోకో పైలట్ అంటడు."

"మరి అసలుది ఎవలు తాగిన్రు సార్?"

"అది సిలబస్‌ల లేదు. ఊకో."

ఆ సీసాడు డికాషన్ తన ప్రతాపం చూపించింది. సారు రెండు రోజులు కన్ను మూయలేదనీ, పాత ప్రశ్నపత్రాలు ముందు వేసుకుని అన్నీ సాధించాడనీ, తనను కూడా లేపి జవాబులు సరిచూడమన్నాడనీ ప్రేమలత మేడం చెప్పింది. నిద్రకేం, అదెలాగూ తిరిగి వస్తుంది. పరువే తిరిగి రాలేదు. ముప్పైనాలుగు దాటని సారు ఫారిన్ సీసా కనబడగానే తొంభైమూడు వేసి ఒక్కడే తాగేశాడని కాజీపేట నుంచి కిషన్‌పుర దాకా పాకిపోయింది. సారు పనైపోయిందని వైన్స్‌లో కౌంటరు మీది మనిషి కూడా తీర్పు చెప్పాడు. బార్ మేనేజరైతే పెన్నుతో సహా రానిస్తానని కబురు పంపాడు. సారు అన్నీ విని మీసం దువ్వుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. మధుని కూడా విప్పనివ్వలేదు.

వారం తిరిగాక మొగిలమ్మ మధు షాపుకొచ్చింది. మోకాళ్ళకు రాసే ట్యూబ్ అడిగింది. మధు తీసి ఇచ్చాడు. ఆమె వెళ్ళలేదు. షాపులో ఇంకెవరూ లేరని చూసుకుంది.

"ఇన్నొద్దులు నాకు ట్యూబ్ అక్కెర పడలే బిడ్డా. ఆ సీస మందే రాసుకున్న."

"ఏ సీస అత్తమ్మా?" అన్నాడు మధు, తెలిసి కూడా.

"చలికాలం మోకాళ్ళు లేవనియ్యకపోయె. ఫారిన్ మందు రాస్తే నొప్పి గుంజుతదని పక్కింటామె చెప్పింది. మీ మామ దాన్ని ఎట్లా తాగడాయె, అది అట్లనే ఉన్నదాయె. రోజింత రాసుకున్న. మస్తు పనిచేసింది. ఖరీదుదని నాకేం ఎరుక? ఇప్పబోతానమని అనంగనే నా పానం పోయింది. ఛాయ్ కాచి పోసిన." ఆమె ట్యూబ్‌ని అటూ ఇటూ తిప్పింది. "సారు ఒక్క గుక్క తాగి నా దిక్కు జూసిండు బిడ్డా. అప్పుడే ఎరుకైంది నాకు. బిడ్డ పరువు, నా పరువు ఆయన కడుపుల పోసుకున్నడు. నేను ఏమని మొక్కాలె?"

ప్రపంచంలో అత్యంత ఖరీదైన మోకాళ్ళ తైలం గురించి మధు మనసులో చాలా మాటలు తయారయ్యాయి. కానీ ట్యూబ్‌కి డబ్బులు తీసుకోకుండా, "జర తక్కువ నడువు అత్తమ్మా," అని మాత్రం అన్నాడు. తనకు పడవలసిన గుక్క ఎక్కడికి పోయిందో తెలిశాక అతనికి కొంత శాంతి కలిగింది.

కథ అంతటితో అయిపోతే సారు అదృష్టవంతుడే. కానీ నాన్న స్నేహితుడు తన కానుకకు తొంభైమూడు వేశాడన్న సంతోషంలో సుకన్య మళ్ళీ అలాంటిదే ఇంకో సీసా కొంది. ఈసారి సారు కోసం. ఒక సాయంత్రం అందర్నీ కాజీపేటకు పిలిచింది. సీలు అందరి ముందే ఊడదీసింది. ఇది అచ్చమైన సరుకు. వాసన గది నిండా పరుచుకుంది.

సారు తాగాడు. పెన్ను పట్టుకున్న చెయ్యి లేబుల్ దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చింది. నుదుటి మీద నరం ఉబ్బింది. పక్కనున్న మధు చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకుండా, "ముప్పైమూడు. స్టెప్పులేవి?" అన్నాడు. ఆపైన పన్ను పీకించుకునేవాడిలా కళ్ళు గట్టిగా మూసుకుని రాసేశాడు.

"తొంభైరెండు."

ఈసారి రూళ్ళన్నీ ఎత్తేశారు. మధు కడుపారా తాగాడు. యాకయ్య కూడా ఒక చుక్క నాలుక మీద వేసుకుని, సీసాను చేతిలోకి తీసుకుని మార్కు చూశాడు. అతని మొహంలో మొట్టమొదటిసారి సారు లెక్క మీద చిన్న అనుమానం కనిపించింది.

"అదే కంపెనీ, అదే సీస. ఒక్క మార్కు ఏడ పోయింది సారు?"

"మొదటిదాంట్ల ఇంటి చేతి గుణం ఉండె యాకయ్యా," అన్నాడు సారు.

గుమ్మంలో నిలబడ్డ మొగిలమ్మకు ఫక్కున నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు ఆగలేదు.

"నీకేం తెల్సని నవ్వుతానవ్?" అన్నాడు యాకయ్య.

"నాకేం తెల్సు. సారూ, ఛాయ్ పెట్టాల్నా?"

"పెట్టమ్మా," అన్నాడు వెంకట్రాజం సారు పెన్ను జేబులో పెట్టుకుంటూ. "ఈపారి జర అల్లం ఎయ్యి."